గోడ మీద గిన్నె

భరణి కార్తె, సోమవారం

కంపెనీకి రోజూ నివేదిక పంపాలి. ఎన్ని డబ్బాలు అమ్మాం, ఎందరు మళ్ళీ వచ్చారు, ఎన్నిసార్లు నవ్వాం, అన్నీ అందులో ఉండాలి. అది కంపెనీ కోసం. ఇది నాకోసం. ఇదివరకు ఒళ్ళు మండితే నా భార్య తాయారు మీద అరిచేవాణ్ణి. ముప్ఫయ్యేళ్ళ కాపురం కదా, ఆవిడ వినడం మానేసింది. అందుకని రాసుకుంటున్నాను.

పొద్దున గొట్టంలో పాలు వదలగానే పట్టి, కాచి, గోరువెచ్చగా చల్లార్చి, కంపెనీ తోడు పొట్లం చింపి కలిపి, మూతలు పెట్టడం నా పని. నిన్న తోడుకున్న పెరుగుని డబ్బాల్లోకి తియ్యడం తాయారు పని. ఎండ ముదిరేలోగా షట్టరు ఎత్తాలి. ఎత్తగానే కౌంటరు పలకరిస్తుంది. దానికో కన్ను, ఓ గొంతు ఉన్నాయి.

"నమస్కారం కనకారావు గారూ. ఈ రోజు మీ చిరునవ్వు నిన్నటికంటే తక్కువగా నమోదైంది."

"పన్ను నొప్పిలే," అన్నాను.

"ధన్యవాదాలు. మీ సూచనను పై అధికారులకు పంపించాను."

మా లంక ఊరిని సముద్రం మింగేశాక సర్కారు ఈ ఎర్రమెట్ట మీద కాలనీ కట్టి ఇంటికో స్థలం ఇచ్చింది. లంకలో నేను పడవల ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. మెట్ట మీద పడవలెక్కడివి? అందుకని మా స్థలాన్ని కంపెనీకి తాకట్టు పెట్టి ఈ పెరుగు కొట్టు తీసుకున్నాం. ముందు కొట్టు, వెనక మేముండే గది. ఒప్పందం చెడితే రెండూ కంపెనీవే. సంతకాల రోజున వాళ్ళ మనిషి నా చెయ్యి పట్టుకుని ఊపి, "ఇక నుంచి మీ వ్యాపారానికి మీరే యజమాని" అన్నాడు. యజమానికి బల్బు మార్చుకునే హక్కు లేదని ఆ తర్వాత తెలిసింది. బల్బు కంపెనీ దగ్గరే కొనాలి, కంపెనీ మనిషే బిగించాలి. అతను వచ్చేదాకా చీకట్లో నవ్వుతూ నిలబడాలి.

కంపెనీ పేరు ఇక్కడ రాయను. అనుమతి లేకుండా ఆ పేరు వాడకూడదని ఒప్పందంలో ఉంది. కొట్టు బోర్డు మీద మాత్రం ఆ పేరే ఉంది, నా పేరు లేదు.

అయినా అప్పుడు మాకిది బంగారంలా కనపడింది. ఆవులూ గేదెలూ జబ్బు చేసి చచ్చిపోయిన ఏడాది, జబ్బు పాకుతుందన్న భయంతో సర్కారు ఇంటింటికీ తిరిగి పాత పెరుగు కుండలన్నీ పగలగొట్టించింది. ఇప్పుడు పాలు మిల్లులో పుట్టి గొట్టంలో ఇంటికొస్తాయి. మిల్లూ గొట్టమూ కంపెనీవే. ఆ పాలు తోడుకోవాలంటే కంపెనీ పొట్లమే పడాలి, ఆ పొట్లం మాలాంటి కొట్లకే ఇస్తారు. మా దగ్గర కొన్న పెరుగుని ఇంట్లో ఇంకోసారి తోడు పెడితే తెల్లారేసరికి జిగురు నీళ్ళవుతుంది. అలా తయారుచేశారు. మొదట్లో ఒకటి రెండుసార్లు చూసి అందరూ మానేశారు. ఈ ఎండలకి మజ్జిగ లేకుండా మనిషి నిలబడలేడు గనక, ఊరు ఊరంతా రోజూ మా గుమ్మం ఎక్కాలి. ఇంతకన్నా భద్రమైన వ్యాపారం ఇంకేముంటుందనుకున్నాం.

నేను పొట్లం కలిపాక తాయారు వచ్చి, నిన్నటి కుండలోంచి ఓ చెంచాడు తీసి కొత్త పాలలో వేస్తుంది. రూలు ప్రకారం కుండని ఆవిరితో కడిగి పొట్లం తప్ప మరేమీ వెయ్యకూడదు. వద్దే అంటే "చెయ్యి ఊరుకోదండి, మా అమ్మ ఇలాగే వేసేది" అంటుంది. కౌంటరు కన్ను వంటగదిలోకి చూడదు. నేనూ చూడనట్టే ఊరుకుంటాను.

భరణి కార్తె, శుక్రవారం

రోడ్డుకి అవతల, సరిగ్గా మా ఎదురుగా, ఏదో కడుతున్నారు. ఇవాళ గోడలకి రంగు వేశారు. నీలం. మా గోడలదీ అదే నీలం. 

శుక్రవారం ఏరియా మేనేజరు శశిధర్ వచ్చే రోజు. రోడ్డు మీద కొట్లలో, స్తంభాల మీద ఉన్న కంపెనీ కళ్ళన్నీ తుడిచి, తిప్పి, సరిచూసుకుని మధ్యాహ్నం మా కొట్లో అన్నం తింటాడు. ఓరుగల్లు వైపు మనిషి, బక్కగా ఉంటాడు, ఎప్పుడు చూసినా నిద్రలేని మొహం. అతని అన్నం గిన్నె మూత మీద కంపెనీ ముద్ర ఉంటుంది. ఉద్యోగస్తులకి మాత్రమే ఇచ్చే స్టీలు గిన్నె అది. తాయారు అందులో పెరుగు వేస్తే కలుపుకుంటున్నాడు.

"ఎదురుగా కడుతున్నది మన కంపెనీయేనాండి?" అని అడిగాను.

"కంపెనీదే సార్. సొంత షాపు. మనుషులుండరు, అన్నీ మిషన్లే."

"ఈ రోడ్డు మాకిచ్చేరు కదండి. ఒప్పందంలో ఉంది."

అతను చెయ్యి కడుక్కుని, కంపెనీ పలక తీసి, దాని తెర మీద ఒప్పందం తిరగేశాడు. "రోడ్డు మధ్యల ఉన్న గీత దాంక ఇచ్చిన్రు సార్. గీత అవతల ఇయ్యలే."

"ఆ ముక్క మాకెవరూ చెప్పలేదండి."

"మీరు సంతకం పెట్టిన్రు కద సార్." కఠినంగా ఏమీ అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. "పైవాళ్ళు పెట్టమన్నరు, నేనేం చేయాలె. ఈడ బేరం బాగున్నదని మీ నివేదికలల్లనే చూసిన్రు."

మేం రోజూ ముస్తాబు చేసి పంపిన అంకెలు చూసే ఎదురుగా కొట్టు పెడుతున్నారన్నమాట. మన వేలితో మన కన్నే పొడిచారు. తాయారు మాత్రం అతని గిన్నెలో ఇంకో గరిటె పెరుగు వేసింది. అతను తిని, "అవే పాలు, అదే పొట్లం. మీ దగ్గరి పెరుగు మాత్రం వేరే ఉంటది అమ్మా. ఎందుకో తెల్వది" అని వెళ్ళిపోయాడు.

కృత్తిక కార్తె, మంగళవారం

ఎదురు కొట్టు తెరిచారు. ధర మాకంటే తక్కువ. మేమూ తగ్గిస్తామని కౌంటర్ని అడిగితే, ధర నిర్ణయించే అధికారం యజమానికి లేదంది. అదే నోటితో, మా నీలం పాతదైందనీ, కొత్త నీలం మా ఖర్చుతో వేయించాలనీ, ఆ రంగు కంపెనీ దగ్గరే కొనాలనీ చెప్పింది. వాళ్ళు పంపిన రంగు నమూనా అట్ట గోడ పక్కన పెట్టి చూశాను. రెండు నీలాలకీ తేడా నాకు తెలియలేదు. తాయారుకీ తెలియలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

సాయంత్రం వెనక సందు నుంచి సాలమ్మ వంటగది గుమ్మానికి వచ్చింది. కడప వైపు ముసలావిడ, ఒంటరిది. మా ఊరు నీళ్ళెక్కువై పోయింది, వాళ్ళ ఊరు నీళ్ళు లేక పోయింది. ఇద్దరం వచ్చి ఒకే మెట్ట మీద పడ్డాం.

"రోంత తోడు ఈయమ్మా," అంది తాయారుతో. "గొట్టం పాలు ఉండాయి. మోకాళ్ళు పట్టేసినాయి. దినామూ ఈడిదాకా నడ్సలేకపోతాండా."

"తోడుకోదు పెద్దమ్మా, ఇది ఒకసారికే పనికొస్తుంది," అన్నాను.

"తోడుకోకుంటే పారబోసుకుంటాలే నాయనా. అడిగినాక లేదనగాకు."

ఈ మాట నాతో అంటుండగానే తాయారు ఆవిడ గిన్నెలో చెంచాడు వేసేసింది. ఆవిడ వెళ్ళాక నేను అందుకున్నాను. అమ్మకుండా ఒక్క చెంచా ఇచ్చినా ఒప్పందం తప్పినట్టే అన్నాను. నెత్తి మీద ఉన్న ఈ కప్పు పోతే ఏ చెట్టు కింద పడుకుంటామని అడిగాను. మెట్ట మీద చెట్లు కూడా లేవు.

తాయారు తాపీగా కుండ కడుగుతూ చెప్పింది. "మా పుట్టింటికీ పక్కింటికీ గట్టు తగాదా ఉండేదండి. ఏళ్ళ తరబడి మాటల్లేవు. అయినా తోడు కావలసొస్తే వాళ్ళు గోడ మీద గిన్నె పెట్టేవోరు. మా అమ్మ చూసి చెంచాడు వేసేసేది. మాటాడేది కాదు. లేదని మాత్రం ఎప్పుడూ అనలేదు. నాకూ అనడం రాదండి."

"ఇది మీ పుట్టిల్లు కాదు. మన ఇల్లు కూడా కాదు."

"ఎలాగూ తోడుకోదన్నారు కదా. ఇంక తప్పేం ఉందండి?"

అదీ నిజమే అనిపించి ఊరుకున్నాను.

కృత్తిక కార్తె, ఆదివారం

తోడుకుంది.

సాలమ్మ పొద్దున్నే వచ్చి గిన్నె పక్కకి ఒంచి చూపించింది. పెరుగు కదల్లేదు. గడ్డలా, మీగడ కట్టి ఉంది.

"నువ్వు ఇచ్చిందాంతో అయింది, దాంతో మళ్ళీ అయింది, మళ్ళీ అయింది," అంది నవ్వుతూ. "అంగడికి పొయ్యే పనే లేదు. పక్కింటామెకీ రోంత ఇచ్చినా."

 ఆవిడ వెళ్ళాక తాయారుని అడిగాను.

"ఆ చెంచా ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావు?"

"కొట్టు తీసిన్నాటి నుంచీనండి."

"ఏ రోజూ మానలేదా?"

"మానడమెందుకండి?"

మూడేళ్ళుగా పొట్లాన్ని నమ్మకుండా ఈవిడ వేస్తూ వచ్చిన చెంచాల్లో ఏదో బతికి బట్టకట్టింది. ఎలా బతికిందో నాకు తెలియదు. గాలిలోంచి వచ్చిందో, కుండలోంచి వచ్చిందో, కంపెనీ పొట్లంలోదే మొండికేసి బతకడం నేర్చుకుందో. తాయారుకీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనా లేదు. శశిధర్ మెచ్చుకున్న ఆ వేరే రుచి మాత్రం ఇదే.

నాకు సంతోషం కలగలేదు. భయం వేసింది. మా పెరుగు ఊళ్ళో పెరిగితే మా కొట్టుకెవరొస్తారు? కంపెనీకి తెలిస్తే మమ్మల్ని ఉంచుతుందా? తాయారు చేతులు పట్టుకుని, ఇంకెవరికీ ఇవ్వకే అని బతిమాలాను.

"నేనింక ఇవ్వక్కర్లేదండి," అంది. "సాలమ్మక్క ఇస్తది."

రోహిణి కార్తె, గురువారం

రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. ఈ మెట్ట మీద మనుషులే పగిలేలా ఉన్నారు. పొద్దు వాలాక మోటారు బాగుచేసిపెట్టమని ఎవరో పిలిస్తే వెనక సందుల్లోకి వెళ్ళాను. దాదాపు ప్రతి గోడ మీదా ఒక గిన్నె ఉంది. సత్తుది, మట్టిది, పింగాణీది, మూతగా ఆకు వేసింది. తాయారు నాకు చెప్పిన పుట్టింటి కబురే సాలమ్మకీ చెప్పినట్టుంది, ఆవిడ నోట పడి ఊరంతా తిరిగింది. ఇక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు, ఒకరి మాట ఒకరికి సరిగా తెలియదు. కొందరికి ఒకరంటే ఒకరికి గిట్టదు కూడా. గిన్నెకి ఇవేమీ అడ్డం రాలేదు.

నేను నడిచి వస్తుంటే ఒకావిడ గిన్నెలో చెంచాడు వేసి, నన్ను చూసి తల దించుకుని లోపలికి పోయింది. పెరుగు కొట్టువాణ్ణి కదా, నన్ను చూసి భయపడింది. నన్ను చూసి ఎవరైనా భయపడడం నాకిదే మొదలు. చాలా చిన్నతనంగా అనిపించింది.

మా కొట్లో డబ్బాలు మిగిలిపోతున్నాయి. ఎదురు కొట్లోనూ అంతే. అమ్మకాలు పడిపోవడానికి నా ముఖకవళికలు కారణం కావచ్చని, చిరునవ్వు శిక్షణ తీసుకోమని కౌంటరు చెప్పింది. ఆ కోపమంతా తాయారు మీద చూపించాను. కొట్టుని నీ చేత్తో నువ్వే ముంచావన్నాను.  తర్వాత కొన్నాళ్ళు మాటల్లేవు. ఇవాళ అన్నం దగ్గర మజ్జిగ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళబోయింది. తాగేసి, "ఉప్పు చాల్లేదు" అన్నాను. "రేపు వేస్తానులెండి" అంది. అలా మళ్ళీ మాటలు కలిశాయి.

రోహిణి కార్తె, శుక్రవారం

శశిధర్ అన్నం తినలేదు. అటూ ఇటూ తిరిగాడు. పాలు బాగానే వాడుతున్నారు సార్, పెరుగు మాత్రం కొంటలేరు, ఏం చేస్తున్నరో ఏమో అన్నాడు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని నేనే అడిగాను.

"కుండ చూడాలె సార్," అన్నాడు.

వంటగదిలోకి వెళ్ళి, గాజు గొట్టంలో కాస్త పెరుగు తీసుకుని, మూత బిగించాడు. బయటికొస్తూ తాయారు మొహం వైపు చూడలేదు. ఆవిడే వెనక నుంచి, "అన్నం తిని వెళ్ళండి బాబూ" అంది. అతను తినకుండానే వెళ్ళిపోయాడు.

మృగశిర కార్తె, సోమవారం

మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయంటారు. మా ముంగిలి చల్లబడలేదు.

శశిధర్ వచ్చాడు. ఇవాళ శుక్రవారం కాదు గనక, రాగానే విషయం అర్థమైంది. పలక చూసి చదివినట్టు చెప్పాడు.

"మీ కుండల ఉన్నది కొత్త రకం సార్. ఎన్నిసార్లయినా తోడుకుంటది. కంపెనీ షాపుల పుట్టింది గనక అది కంపెనీదే. కుండ కంపెనీది, పాలు కంపెనీయి. ఒప్పందంల ఉన్నది."

"చెంచా మాదండి," అంది తాయారు.

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. కౌంటరు కన్ను అతన్ని కూడా చూస్తోంది.

తర్వాత అసలు బేరం పెట్టాడు. ఆ రకాన్ని కంపెనీకి రాసిచ్చి, అది ఎవరెవరి ఇళ్ళకి వెళ్ళిందో చెబితే, ఎదురు కొట్టు మూసేస్తారట. గీత అవతల కూడా మాకే ఇస్తారట. చెప్పకపోతే ఒప్పందం రద్దు. కొట్టూ గదీ పోతాయి.

"పేర్లు చెబితే వాళ్ళనేం చేస్తారు?" అని అడిగాను.

"పాల గొట్టం కోస్తరు సార్."

"మేమిచ్చింది ఒక్కరికేనండి. ఆ తర్వాత ఎవరి నుంచి ఎవరికెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి."

"ఆ ఒక్క పేరే చాలు. ఆడికెళ్ళి వాళ్ళే పట్టుకుంటరు." గొంతు తగ్గించాడు. "శుక్రవారం దాంక టైం ఇచ్చిన్రు. నేను అడిగిన గనక ఇచ్చిన్రు సార్, లేకుంటే అది గూడ లేదు."

మృగశిర కార్తె, గురువారం

నిజం రాస్తాను. చెప్పేద్దామనే అనుకున్నాను. ఈ వయసులో మళ్ళీ ఇల్లు వెతుక్కోవడం నావల్ల కాదు. ఒక ఊరు నీళ్ళలో వదిలేసి వచ్చాను, చాలు. సాలమ్మ మాకేమవుతుంది? చుట్టమా, పక్కమా? ఆవిడ అడగకపోతే ఇదంతా వచ్చేది కాదు కదా అని కూడా అనుకున్నాను. తాయారుతో ఇదే అంటే, "మీ ఇష్టమండి" అంది. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే ఇష్టం లేదని అర్థం.

మధ్యాహ్నం సాలమ్మ ఇంటికి వెళ్ళాను. ఎందుకెళ్ళానో నాకే స్పష్టంగా తెలియదు. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని కావచ్చు. ఒక గది, ఒక మంచం, మూల ఒక గొట్టం, దాని కింద చిన్న చెంబు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మా మజ్జిగే.

"కంపెనీవోళ్ళు పేరు అడుగుతాండారంట గదా," అంది. ఊళ్ళో ఏదీ దాగదు. "నా పేరు సెప్పు నాయనా. గొట్టం కోస్తే కోసుకోనీ. నాకెంత కావల్ల? గోడ మీద గిన్నె పెట్టుకుంటా. ఎవురో ఒకరు పోస్తారు. నీకు ఇల్లు పోతే ఎట్ల?"

గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. దాచమని ఆవిడ నా కాళ్ళు పట్టుకుని ఉంటే, బహుశా విసుక్కుని చెప్పేసేవాణ్ణి. చెప్పమన్నాక నోరు పెగల్లేదు. దారిలో ఏడుపు వచ్చింది. ఎండకి కళ్ళు మండుతున్నాయనుకుంటారులే అని తుడుచుకోకుండానే నడిచాను.

ఇంటికొచ్చి తాయారుకి చెప్పాను. ఆవిడ పెట్టె కిందికి దించి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

మృగశిర కార్తె, శుక్రవారం

కౌంటరు ముందు నిలబడమన్నారు. పైవాళ్ళు దాని కన్నులోంచే చూస్తారట, దాని గొంతుతోనే అడుగుతారట. శశిధర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కనకారావు గారూ, ఆ పదార్థాన్ని మొదట ఎవరికి ఇచ్చారు?"

"గుర్తు లేదండి."

"మరొకసారి ఆలోచించుకోండి. మీ ఇల్లు, మీ వ్యాపారం ఈ జవాబు మీద ఆధారపడి ఉన్నాయి."

"పారబోసేశామండి. ఎక్కడ పారబోశామో గుర్తు లేదు."

అంటుంటే, ఎందుకో తెలియదు, నవ్వొచ్చింది. భయంతోనో, అలసటతోనో, మూడేళ్ళలో మొదటిసారి నా కొట్లో నేను అనుకున్న మాట అన్నందుకో.  కౌంటరు తన మామూలు గొంతుతో అంది.

"ధన్యవాదాలు. ఈ రోజు మీ చిరునవ్వు ఈ సంవత్సరంలోనే ఉత్తమంగా నమోదైంది. మీ ఒప్పందం రద్దయింది."

మృగశిర కార్తె, ఆదివారం

కొట్టుకి తాళం వేశారు. వెయ్యబోయే ముందు కుండలన్నీ ఆవిరితో కడగాలన్నారు. కడిగే పని తాయారు చేతే చేయించారు. అది ఒప్పందంలో ఆఖరి రూలట. ఆవిడ ఒక్కొక్క కుండనీ ఎత్తి ఆవిరి గొట్టానికి పట్టింది. మూడేళ్ళుగా నిద్ర లేవగానే చూసుకున్న కుండలు. ఏమనుకుందో ఏమో, మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. నేనే గుమ్మం పక్కకి పోయి మొహం తిప్పుకున్నాను.

తర్వాత శశిధర్ ఆఖరి కాగితం చదివాడు. ఐదేళ్ళపాటు మేమిద్దరం పెరుగు అమ్మకూడదు, తోడు పెట్టకూడదు, ఎలా పెట్టాలో ఎవరికీ నేర్పకూడదు. మేం ఎక్కడున్నా ఆ ఇంటికి పాల గొట్టం ఇవ్వరు. మా గుమ్మానికి ఎదురుగా ఒక కన్ను ఉంటుంది.

"మా ఇంట్లో మా అన్నంలోకి కూడానా?" అని అడిగాను.

"అన్నంలకు గూడ సార్."

సంతకాలయ్యాయి. పలక మూసేసి, కౌంటరు తీగ పీకేసి, అది నిజంగా ఆగిందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత తాయారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు. "మా ఇంట్ల ఆమెకు నెలలు నిండినయి. అన్నం సహిస్తలేదు. మీ పెరుగు ఒక్కటే తింటుండె. కంపెనీ క్వార్టర్ల పొట్లం పెరుగే ఇస్తరు. కొంచెం తోడు ఏమన్న..."

 ఇది వల అనుకున్నాను. సాలమ్మ పేరు ఇలా రాబట్టమని పంపించారు. లేదని చెప్పెయ్యి తాయారూ అని మనసులో మొత్తుకున్నాను. లేదని చెప్పడం ఆవిడకి రాదని నాకు తెలుసు. పోనీ ఇవ్వడానికి కుండలో ఏమీ లేదు, ఇప్పుడే ఆవిరి పట్టింది.

తాయారు చేతులు తుడుచుకుంది.

"నా దగ్గర అయిపోయిందండి బాబూ. పొద్దు వాలాక ఎర్రమెట్ట మీద ఏ గోడ మీదయినా గిన్నె పెట్టండి. తెల్లారేసరికి ఉంటది. ఎవరు వేసేరో అడక్కండి. ఎవరైనా తమ గిన్నెతోనే ఇస్తే, ఆ గిన్నె ఖాళీగా మాత్రం తిరిగి పెట్టకండి, మర్యాద కాదు."

అతను తలూపి తాళం వేసి వెళ్ళిపోయాడు. మేం పెట్టె పట్టుకుని రోడ్డు మధ్య గీత దాటాం.

ఆరుద్ర కార్తె, బుధవారం

ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయంటారు. ఒక్క చినుకు రాలలేదు. చివరి సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. నీళ్ళ స్టేషన్లో మోటార్ల పని దొరికింది. నవ్వక్కర్లేని పని. పెద్ద మోటారు దగ్గర నిలబడితే ఎవడి మాటా వినపడదు, అది బాగానే ఉంది.

అన్నంలోకి ఉప్పూ నీళ్ళూ కలుపుకుని తింటున్నాం. స్తంభం మీద కన్ను మా గుమ్మాన్నీ, గోడనీ చూస్తూ ఉంటుంది. మేం గిన్నె పెడితే వేసినవాళ్ళు దొరికిపోతారు. అందుకని తాయారు పెట్టదు. సందులో మిగతా గోడలన్నిటి మీదా గిన్నెలున్నాయి, మా గోడ ఒక్కటే బోడిగా ఉంది. ఊరికంతా ఇచ్చిన మనిషి ఉప్పునీళ్ళన్నం తింటుంటే పక్కన కూర్చోలేక నేను గబగబా తినేసి లేచిపోతున్నాను.  నిన్న ఆవిడ ఖాళీ చెంచా చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

సాలమ్మ దూరం నుంచి చూసి కొంగుతో కళ్ళొత్తుకుని వెళ్ళిపోతోంది. దగ్గరికి రావద్దని మేమే కబురు పెట్టాం.

ఎదురు కొట్టు మూసేశారట. కొనేవాళ్ళు లేరు. మా పాత కొట్టు కూడా తాళంతోనే ఉంది. గీతకి ఇటూ అటూ రెండు నీలం గోడలు. ఎవరు గెలిచారో నాకు తెలియడం లేదు. మేం మాత్రం కాదు.

ఆరుద్ర కార్తె, శుక్రవారం

పొద్దున తాయారు తలుపు తీసి, "ఏవండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది.

మా గోడ మీద గిన్నె ఉంది.

ముందు కన్ను వైపు చూశాను. స్తంభం మీద అది పక్కకి తిరిగి, సందు చివరున్న ఖాళీ నేలని చూస్తోంది. ఇవాళ శుక్రవారం. కళ్ళు తుడిచి, తిప్పి, సరిచూసే రోజు.

గిన్నె స్టీలుది. మూత మీద ముద్ర ఉన్న చోట ఎవరో మేకుతో గీకేశారు. ఎంత గీకినా ఆ ముద్ర ఏదో తెలుస్తూనే ఉంది. మూడేళ్ళపాటు ప్రతి శుక్రవారం ఆ గిన్నెలోనే తాయారు పెరుగు వేసింది.

"ముట్టుకోకే," అన్నాను. "ఇది కూడా వలే అయితే?"

తాయారు మూత తీసింది. వాసన చూసింది. గిన్నె కాస్త పక్కకి ఒంచింది. పెరుగు కదల్లేదు. లోపలికి తెచ్చి రాత్రి మిగిలిన అన్నంలో కలుపుకుని, నిలబడే ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆవిరి పట్టిన రోజున ఏడవని మనిషి కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, అలాగే నములుతూ నా వైపు తిరిగింది.

"మనదేనండి," అంది.

నాకూ ఒక ముద్ద పెట్టింది. తిన్నాను. వలయితే వల. ఇంకా లాక్కోవడానికి మా దగ్గరేముంది?

గిన్నె శుభ్రంగా కడిగాను. ఖాళీగా పెట్టకూడదు గనక, తాయారు పాత గది నుంచి డబ్బాతో సహా తెచ్చుకున్న మొక్క నుంచి రెండు పచ్చిమిరపకాయలు కోసి అందులో వేసింది. మూత పెట్టి గోడ మీద ఉంచి స్టేషన్‌కి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి కన్ను మళ్ళీ మా గుమ్మం వైపు తిరిగి ఉంది. గోడ మీద గిన్నె లేదు.